మోటారు కట్టి మాట్లాడండి

మా ఊళ్ళో మనుషులు ఒకరితో ఒకరు నిదానంగా మాట్లాడుకోవాలంటే కరెంటు పోవాలి. నగరికి కాస్త అవతల, తమిళనాడు సరిహద్దుకు ఆనుకుని ఉంటుంది మా ఊరు. పేరు చెప్పను. చెబితే మా వీధి ఆడవాళ్ళు నన్ను గడప తొక్కనివ్వరు. ప్రతి ఇంటి ముందు గదిలోనూ మరమగ్గాలే. పొద్దున్నే మోటార్లు వేశారంటే ఇక ఆ చప్పుడులోనే వీధంతా బతుకుతుంది. పిల్లలు దాంట్లోనే నిద్రపోతారు, దాంట్లోనే ఎక్కాలు చదువుతారు. కొత్తగా వచ్చినవాళ్ళకు తల దిమ్మెక్కిపోతుంది. మాకు మాత్రం చప్పుడు ఆగితేనే ఏదో అయిందని భయం.

ఆ చప్పుడులో తయారైన గొంతు నాది. మా నాయన ముద్దుగా పిలిచినా పక్కవీధికి వినబడేది. తిరుపతిలో లా చదివేటప్పుడు, నేను ఫోన్లో మా అమ్మతో కుశల ప్రశ్నలు మాట్లాడుతుంటే హాస్టల్లో పక్కగది వాళ్ళు తగాదా అనుకుని తలుపు తట్టేవాళ్ళు. కోర్టులో మొదటిసారి నోరు విప్పినప్పుడు జడ్జిగారు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని, "అమ్మా, నేను ఇక్కడే ఉన్నాను" అన్నారు. కోర్టంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది కానీ ఆ రోజు నుంచి కోర్టులో గొంతు తగ్గించాను. ఊళ్ళో తగ్గించలేదు, ఆ అవసరమూ రాలేదు.

మాలాంటివాళ్ళం పోలీసులకు తొందరగా చెడ్డవాళ్ళమవుతాం. మామూలుగా జవాబు చెప్పినా "ఏమ్మా, ఎదురు తిరగతాండావే" అంటారు. అందుకే గొంతు గురించి మా ఆడవాళ్ళకు ముందు నుంచీ చెబుతూ వచ్చాను. గొంతు కన్నా పెద్ద ప్రమాదం మా మెడలో ఉందని మాత్రం మొన్నమొన్నటి దాకా నాకే తోచలేదు.

మగ్గం ఆడుతుండగా ఎవరైనా గడపలోకి వస్తే మేం మోటారు కట్టం, అంటే ఆపం. వచ్చిన ప్రతి మనిషికీ కట్టుకుంటూ పోతే బట్ట దిగదు. తల ఊపుతాం. ఆ ఊపుడుకు అర్థం "వచ్చినావా, సూసినాలే, కూసో" అని. వచ్చినవాళ్ళు ఏదో అంటారు, మళ్ళీ ఊపుతాం. పాలవాడికి అదే ఊపుడు, పెళ్ళికి పిలవడానికి వచ్చినవాళ్ళకూ అదే. ఓట్లకు వచ్చిన ప్రతి పార్టీవాడూ మా వీధి దాటేసరికి గెలిచేసినట్టు సంబరపడిపోతాడు.

ఈ కథంతా మా వదిన తల ఊపినందుకు వచ్చింది. వదిన అంటే నాకు సొంత వదిన కాదు, మా పుట్టింటి పక్కింటి కోడలు. నాకు పెళ్ళి కాకముందు ఆ ఇంటికి వచ్చింది. అప్పటి నుంచీ ఆమె నాకు వదిన, నేను ఆమెకు అమ్మణ్ణి. మనిషి పొట్టి, గొంతు పొడుగు. నా గొంతు ఆమె గొంతు ముందు గుసగుస. వీధిలో ఏ పనికైనా ముందు నిలబడేది ఆమే. కుళాయి రాకపోయినా, దీపం వెలగకపోయినా, పంచాయతీ ఆఫీసులో మొదట వినబడేది ఆమె మాటే.

రెండేళ్ళ కిందట వీధి చివర నూలుకు రంగులు అద్దే షెడ్డు ఒకటి పెట్టారు. ఆ రంగునీళ్ళు కాలువలోకి వదిలారు. కొన్నాళ్ళకు మా బోరు నీళ్ళు లేత గులాబీ రంగుకు తిరిగాయి. బిందెలో పోసి ఎండలో పెడితే బాగా తెలిసేది. ఆడవాళ్ళు అర్జీలు పెట్టారు, ఎవరూ పట్టించుకోలేదు. చివరికి వదిన అందరినీ పోగేసి, ఆ గులాబీ నీళ్ళ బిందెలు నెత్తిన పెట్టుకుని పోయి పంచాయతీ ఆఫీసు మెట్ల మీద కూర్చోబెట్టింది. మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. రాయి విసిరినవాళ్ళు లేరు, తలుపు ముట్టుకున్నవాళ్ళు లేరు. లోపలున్న సెక్రటరీని మాత్రం, "బయటికి వచ్చి ఈ నీళ్ళు ఒక గుక్క తాగి పో సార్" అని పిలిచారు. ఆయన రాలేదు. నేనైనా వచ్చుండేదాన్ని కాదు.

ఆ తర్వాత షెడ్డు తరఫువాళ్ళెవరో స్టేషన్‌కు ఒక పిటిషన్ ఇచ్చారు. సెక్రటరీని తలుపు మూసి నిర్బంధించారని, ప్రభుత్వ విధులకు అడ్డం పడ్డారని అందులో ఉందట. ఉందట అనే చెప్పాలి, కాగితం మాకెవరూ చూపించలేదు. దాని మీద విచారణ అని ఒక రోజు కానిస్టేబులు వదిన ఇంటికి వచ్చాడు. రెండు మగ్గాలూ ఆడుతున్నాయి. వదిన తల ఊపింది, చేత్తో స్టూలు చూపించింది. అతను కూర్చోలేదు. చప్పుడు మీద గొంతు చించుకుని, "ఆ పొద్దు అందర్నీ పిలుసుకొని పొయ్యింది నువ్వే గదక్కా?" అన్నాడు. వదిన ఊపింది. "సెక్రటరీని బయటికి రానీకుండా తలుపుకు అడ్డం కూసునింది మీరే గదా?" ఊపింది. "అయితే రేపు స్టేషన్‌కి వచ్చి ఈ మాట మింద ఒక సంతకం పెట్టి పో. అంతే, ఇంకేం లేదు." దానికీ ఊపి, నవ్వింది. అంత తేలికగా ఒప్పుకున్న మనిషిని అతను ఉద్యోగంలో చూసి ఉండడు. సంతోషంగా వెళ్ళిపోయాడు.

ఇదంతా విన్నది ఎదురింటి సాయిబుల ఆమె. బట్టలు కుడుతుంది, ఆమెవి పాముచెవులు. ఆమె చేతిలో గుడ్డ అక్కడే పడేసి రోడ్డు దాటి వచ్చి, తనే వదిన మోటారు కట్టేసి, "అయ్యో అల్లా, ఏం జేసినావ్ మే? అన్నీ ఒప్పేసుకున్నావు గదా!" అని తల పట్టుకుంది. వదిన, "ఏం ఒప్పుకున్నా?" అంది. ఆ తర్వాతే, కోర్టు పని మీద వేరే ఊళ్ళో ఉంటున్న నాకు ఫోను చేశారు.

"పోవద్దు. నేను రేప్పొద్దున్నే వస్తాండా. ఎవరొచ్చినా మోటారు కట్టి మాట్లాడు" అని చెప్పాను. వదిన "సరే" అంది. ఆ సరే కూడా ఊపుడులాంటిదే అని తర్వాత తెలిసింది.

నిజం చెప్పాలంటే చట్టం విషయంలో నాకు బెంగ లేదు. పోలీసు అడిగిన దానికి తల ఊపినంత మాత్రాన నేరం రుజువైపోదు. పోలీసు ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో ఒప్పుకోలు కింద చెల్లదని ఈ దేశంలో ఎప్పటి నుంచో ఉన్న మాట. విచారణలో పోలీసు రాసుకున్న దాని కింద మనం సంతకం పెట్టాల్సిన పని లేదు. సాక్షిగా అడగాలంటే ఆడమనిషిని స్టేషన్‌కు రమ్మనకూడదు, వాళ్ళే ఇంటికి వచ్చి అడగాలి. నేరం మోపి పిలవాలంటే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఈ మధ్య చట్టాల పేర్లు మారాయి, సెక్షన్ నంబర్లు తారుమారై వకీళ్ళమే తడుముకుంటున్నాం కానీ, ఈ మాటలు మారలేదు. బెంగంతా ఇంకో దాని గురించి.

వదినకు మా ఊరి చిన్నపిల్లల బడిలో ఆయా పని ఖాయమయ్యేలా ఉంది. తల్లిదండ్రుల కమిటీ ఆమె పేరు పంపింది, పైవాళ్ళు సరే అనడమే మిగిలింది. ఆ పని కోసం ఆమె ఎంత ఆశగా ఎదురుచూస్తోందో వీధిలో అందరికీ తెలుసు. పెళ్ళై వచ్చిన నాటి నుంచీ ఆ మగ్గం చప్పుడే. "ఒక్క పొద్దన్నా గమ్మున ఉండే సోట బతకాల అమ్మణ్ణీ" అనేది. ఆమె మీద కేసు పెట్టారన్న మాట ఒక్కటి పైకి పోతే చాలు, ఆ పని ఇంకొకరికి పోతుంది. కేసు తర్వాత కొట్టేస్తారు, నేనే కొట్టేయిస్తాను. పోయిన పని మాత్రం తిరిగి రాదు.

పొద్దున రైలు దిగి నడిచి వెళ్ళేసరికి వీధి మోగుతోంది. అదృష్టం కొద్దీ కాసేపటికే కరెంటు పోయింది. మగ్గాలు ఒక్కసారిగా ఆగాయి, ఆడవాళ్ళు చేతులు తుడుచుకుంటూ వదిన ఇంటి వసారాలోకి చేరారు. మా ఊళ్ళో మీటింగులన్నీ ఇలాగే జరుగుతాయి. కరెంటు వచ్చిందంటే అధ్యక్షోపన్యాసం మధ్యలో ఉన్నా సభ ముగిసినట్టే. అందుకని నేను ఉపోద్ఘాతాలు చెప్పను. నాటకం ఆడిస్తాను.

ఎస్సై వేషం సాయిబుల ఆమెది. వాళ్ళాయన చలవ కళ్ళజోడు పెట్టుకుని, కొలత టేపు మెడలోంచి తీసి లాఠీలా పట్టుకుని వచ్చింది. "ఏయ్, ఎవరు మే ఇంట్లో?" అని ఆమె గుమ్మంలో గద్దించగానే నవ్వులు. నేను కేకలేశాను. "నవ్వండి, రేపు ఆయప్ప నిజంగా వచ్చినప్పుడు కూడా ఇట్నే నవ్వండి. ముందు ఏం జేయాల?"

"మోటారు కట్టాల" అన్నారు అందరూ.

"ఆ తర్వాత?"

"మీరెవురు సార్, యా స్టేషన్ సార్, ఏం పని మింద వచ్చినారు సార్."

"సార్లు ఎక్కువైనా పర్లేదు, గొంతు ఎక్కువ కాకూడదు. చెయ్యి విసరకూడదు. దారికి అడ్డం నిలబడకూడదు. అబద్ధం చెప్పకూడదు. తెలీకపోతే తెలీదనండి. మన మీదికి నేరం వచ్చే మాటైతే, మా వకీలుతో మాట్లాడి చెప్తాననండి. అదేం పొగరు కాదు, చట్టంలో ఉండేదే."

"అరెస్టు అంటే?" అని అడిగింది కొత్తగా వచ్చిన కోడలు ఒకామె. ఆమె కళ్ళలో నిజంగానే భయం ఉంది.

"ఎందుకని అడగాల. చెప్పి తీరాల్సింది వాళ్ళు. మనవాళ్ళకు కబురు పంపాల్సింది వాళ్ళు. పొద్దు గూకినాక ఆడమనిషిని పట్టుకుపోకూడదు, తప్పదంటే మేజిస్ట్రేటు అనుమతి ఉండాల, ఆడ పోలీసు ఉండాల. ఒక రోజులోపల మేజిస్ట్రేటు ముందర నిలబెట్టాల. ఆడ నేనుంటా. ఇంకేం కావాల నీకు?" అన్నాను. ఆమె నవ్వింది. నాకూ బాగా అనిపించింది. ఇలాంటప్పుడు నా చదువు దండగ కాలేదనిపిస్తుంది.

తర్వాత వదిన వంతు. సాయిబుల ఆమె ఎదురుగా నిలబడి, "ఏమ్మా, తలుపుకు అడ్డం కూసునింది నువ్వే గదా?" అంది. వదిన తల ఊపింది. అందరూ ఘొల్లుమన్నారు. మళ్ళీ అడిగించాను. మళ్ళీ ఊపింది. "మెడకేమన్నా స్ప్రింగు పెట్టినారా మే" అని సాయిబుల ఆమె ఎకసెక్కం. వదినా నవ్వుతోంది. నాకు మాత్రం చిరాకు ముంచుకొచ్చింది. ఊళ్ళో వాళ్ళందరికీ బుద్ధి చెప్పే మనిషి, తన మీదికి వచ్చేసరికి ఈ ఆటలేమిటి? కోపంగా లేచి, ఆమె వెనక్కి వెళ్ళి నిలబడి, "వదినా, నేనే ఎస్సైని, ఇటు తిరుగు" అన్నాను.

ఆమె తిరగలేదు.

కొంచెం గట్టిగా అన్నాను. తిరగలేదు. మగ్గాలన్నీ ఆగిపోయి, ఎక్కడో కోడి కూసినా వినబడేంత నిశ్శబ్దంగా ఉంది వీధి. ఆమె ఎదురుగా ఉన్నవాళ్ళ నోళ్ళు చూస్తూ, నవ్వుతూ, నెమ్మదిగా తల ఊపుతూ కూర్చుంది.

అందరి ముందూ ఏమీ అనలేదు. ఇంతలో కరెంటు వచ్చింది, సభ లేచింది. వదినను వెనక పెరట్లోకి లాక్కుపోయి, ఆమె ముఖం నా ముఖానికి ఎదురుగా పెట్టుకుని, "ఎన్నాళ్ళ నించి?" అన్నాను.

ఆమె గభాల్న నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "గమ్మునుండు. ఎవురికీ సెప్పాకు."

"నీకు వినబడదని చెప్తే ఈ గొడవంతా ఇప్పుడే తీరిపోతుంది గదా. ఆయప్ప అడిగిందే నీకు వినపళ్ళేదు, ఇంక ఒప్పుకునేది యాడిది?"

"తీరిపోతాది. ఆ పనీ పోతాది. సెవుడు ఆయాకి బిడ్డల్ని ఎవురిస్తారు అమ్మణ్ణీ? బిడ్డ ఏడిస్తే నీకు యినబడతాదా అంటారు. ఏం సెప్పాల?" కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ గొంతు మాత్రం ఎప్పటిలాగే పక్కింటికి వినబడేలా ఉంది. నేను కంగారుపడి చుట్టూ చూశాను. మగ్గాల చప్పుడు మమ్మల్ని కాపాడింది.

నేను పెరట్లో తొట్టి గట్టు మీద కూలబడ్డాను. నాకు తెలిసిన చట్టమంతా ఆమె వైపే ఉంది. ఆమె ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట చెప్పడం ఆమెకు కేసు కన్నా పెద్ద శిక్షలా ఉంది. వకీలుగా నాకు ఎస్సై దగ్గరికి వెళ్ళి నేనే చెప్పేయాలనిపించింది. వెళ్ళలేదు. గమ్మునుండే హక్కు ఉందని వీధంతా తిరిగి చెప్పేదాన్ని, ఆమె గమ్మునుంటానంటే కాదనడానికి నేనెవరిని? "సరే, నీ చెవుల మాట నేనెత్తను. నోటీసు లేకుండా స్టేషన్‌కు పోము, సంతకం పెట్టము, అంతే. ఊపొద్దు. వినపడకపోతే మళ్లీ సెప్పండి సార్ అను. అది ఎవరైనా అనొచ్చు" అన్నాను. ఆమె ఈసారి తల ఊపకుండా, నోటితో "సరే" అంది.

స్టేషన్‌కు పోలేదు కాబట్టి మధ్యాహ్నం వాళ్ళే వచ్చారు. ఎస్సై, నిన్నటి కానిస్టేబులు, ఒక ఆడ కానిస్టేబులు. జీపు వీధి మొదట్లో ఆగగానే మొదటి ఇంటామె మోటారు కట్టింది. ఆ పక్కింటామె కట్టింది. అలా ఒక్కో ఇల్లూ ఆగుకుంటూ వచ్చింది. కరెంటు ఉండగా మా వీధి అంత నిశ్శబ్దంగా ఉండటం నేను పుట్టి ఎరగను. ఎస్సై కుర్రవాడు, ఈ ఊరికి కొత్త. నడుస్తున్నవాడు కాస్తా నడక తగ్గించి, అటూ ఇటూ చూశాడు. ఆడవాళ్ళు ఎవరి గడపలో వాళ్ళు నిలబడ్డారు. ఎవరూ దారికి అడ్డం రాలేదు. వదిన అన్నిటికన్నా చివర, తన మోటారు తనే కట్టి బయటికి వచ్చింది.

నేను నమస్కారం పెట్టి, వకీలునని చెప్పాను. ఆయన నన్ను ఒకసారి చూసి, వదిన వైపు తిరిగి, చేతిలో ఫోను చూసుకుంటూ ఏదో అన్నాడు. తలవంచుకుని నోట్లో గొణుక్కునే రకం మాట. నాకే సగం వినబడింది. వదిన గడ్డం కిందికి దిగడం చూశాను. ఊపబోతోంది. వద్దు వద్దని లోపల నేను మొత్తుకుంటున్నాను. గడ్డం సగంలో ఆగింది.

"మళ్లీ సెప్పండి సార్" అంది వదిన. వీధి చివరకు వినబడేలా.

ఎస్సై తలెత్తాడు. "అరవద్దమ్మా. నిన్న మా కానిస్టేబుల్ దగ్గర అంతా ఒప్పుకున్నావు, ఇప్పుడు వకీలును తెచ్చావా?"

నేను నోరు తెరిచాను. "సార్, నిన్న మగ్గాలు ఆడుతున్నాయి, ఆమె..."

కానిస్టేబులు అందుకున్నాడు. "నేను గట్టిగానే అరిసి అడిగినా సార్. ఎదురింటామె కూడా యినింది. అడగండి కావాలంటే."

సాయిబుల ఆమె ముఖం పాలిపోయింది. అది నిజం. అబద్ధం చెప్పకూడదని పొద్దున నేనే చెప్పాను. రోడ్డుకు అవతల ఉన్న మనిషికి వినబడిన మాట పక్కనున్న మనిషికి వినబడలేదంటే ఎవరు నమ్ముతారు? నాకు తెలిసిన జవాబు ఒక్కటే, అది చెప్పనని మాటిచ్చాను. జీవితంలో మొదటిసారి మాట ఉండీ నోరు మూసుకుని నిలబడ్డాను.

ఎస్సై నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, గెలిచినవాడి నవ్వు. "వీధికి అవతల వినబడింది. నీకు వినబడలేదా? నీకేమైనా చెవుడా?" అన్నాడు. ఈసారి గట్టిగానే అన్నాడు.

వదిన ఆయన నోటి వైపే చూస్తోంది. తలకొంగు చెవి వెనక్కి తోసుకుంది.

"అవును సార్. సెవుడే" అంది.

ఆ తర్వాత ఆమెను ఆపడం ఎవరి తరమూ కాలేదు. "ఈ మగ్గాలే తినేసినాయి సార్ నా సెవులు. మీ కానిస్టేబులప్ప వచ్చినప్పుడు మోటారు తిరగతాండె. ఆయన ఏం అడిగినాడో నాకు ఇప్పటికీ తెలీదు. నేను ఊపింది కూసోమని. ఆ స్టూలు సూపిచ్చినా, అడగండి. నేను అరస్తాండానని అనుకోవాకండి, నా గొంతు నాకే యినబడదు. మీకేం కావాలో కాగితం మింద రాసియ్యండి సార్. సదువుకొని, మా అమ్మణ్ణితో మాట్లాడి, జవాబు రాసిస్తా. మాటతో పిలిస్తే నేను రాలేను. నాకు మాట యినబడదు."

ఆడ కానిస్టేబులు ముఖం పక్కకు తిప్పుకుంది. ఎస్సై కానిస్టేబులు వైపు చూశాడు. ఆ కానిస్టేబుల్ని ఈ రోజుకీ మెచ్చుకుంటాను, ఎందుకంటే "మోటారు తిరగతానే ఉండె సార్. స్టూలు సూపిచ్చిన మాటా నిజమే" అన్నాడు. అనకపోయినా అడిగేవాడు లేడు.

నేను అప్పుడు, కోర్టు గొంతుతో, చెప్పాల్సిన నాలుగు ముక్కలూ చెప్పాను. నోటీసు ఇస్తే వస్తాం, ఇవ్వకపోతే ఏం అడగాలన్నా ఇక్కడే, ఆమె ఇంటి దగ్గరే అడగండి, సంతకాలు మాత్రం ఉండవు. ఎస్సై వాదించలేదు. వెళ్ళేముందు అర్జీలకు సాక్ష్యంగా వదిన వసారాలో పట్టి ఉంచిన గులాబీ నీళ్ళ సీసా ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు. "నోటీసు పంపిస్తాం" అన్నాడు. ఇది జరిగి ఏడాది దాటింది. నోటీసు రాలేదు.

జీపు పోయాక వీధి వెంటనే మోగలేదు. సాయిబుల ఆమె వచ్చి వదిన చెంపలు రెండు చేతులతో పట్టుకుని, "ముందే సెప్పేదానికేం మే నీకు? మెడలో స్ప్రింగని ఎగతాళి జేసినానే" అని ఏడ్చేసింది. వదిన నా వైపు తిరిగి, "పని పోయింది లే అమ్మణ్ణీ" అంది. మామూలుగా అంది, పోయిన దాని గురించి చెప్పినట్టు. నాకు గర్వమూ దుఃఖమూ ఒకేసారి వచ్చాయి. ఆమె తన కోసం ఒక్కటే దాచుకుంది, దాన్ని నడివీధిలో తీసి చూపించాల్సి వచ్చింది. హక్కులు తెలిస్తే సరిపోదని, అవి అడిగే రోజున మనిషి ఎంతో కొంత ఇచ్చుకోవాల్సి వస్తుందని నాకు ముందు తెలియదని కాదు. ఇంత దగ్గర నుంచి చూడలేదు.

కబురు బడిదాకా పోవడానికి సాయంత్రం దాకా కూడా పట్టలేదు. హెడ్మాస్టరమ్మ పిలిపించింది. తోడు వస్తానన్నా వదిన వద్దంది. పోయి ఏం మాట్లాడిందో తర్వాత ఆ హెడ్మాస్టరమ్మే నాకు చెప్పింది. "అవును మేడం, తక్కువ యినబడతాది. తిరుపతి పెద్దాసుపత్రికి పోతాండా, మిషను పెడతారంట. యినబడకపోతే మళ్లీ అడగతా. యినబడినట్టు మాత్రం ఇంక నటించను" అందట. కమిటీలో గొణిగినవాళ్ళు గొణిగారు. వీధి ఆడవాళ్ళు కమిటీ మీటింగుకు వెళ్ళి, మెట్ల మీద, బిందెలు లేకుండానే కూర్చున్నారు. పని వదినకే వచ్చింది.

రంగుల షెడ్డు గొడవ పూర్తిగా తీరలేదు. కాలువలోకి వదలడం ఆపారు, వెనక గుంత తవ్వారు, ఆ గుంత సంగతి ఇంకా చూడాలి. బోరు నీళ్ళు మాత్రం తేటపడ్డాయి.

పోయిన నెల ఊరికి వెళ్ళినప్పుడు బడి దగ్గర ఆగాను. వదిన చెవిలో మిషను ఉంది. వరండాలో ఒకటో తరగతి పిల్ల ఒకతె నోట్లో వేలు పెట్టుకుని ఆమె కొంగు పట్టుకుని ఏదో అంటోంది. పక్కన టీచరమ్మ ఆ పిల్ల తల నిమిరి, "సరే సరే, పో" అని తల ఊపి వెళ్ళిపోయింది. వదిన వెళ్ళలేదు. మోకాళ్ళ మీద కూర్చుంది. పిల్ల నోట్లోంచి వేలు మెల్లగా బయటికి తీసింది.

"మళ్లీ సెప్పు తల్లీ."

పిల్ల చెప్పింది. వదిన ఇంకా దగ్గరికి జరిగింది.

"ఇంకొక తూరి సెప్పు."

"నీళ్ళు" అంది పిల్ల.

వదిన లేచి గ్లాసుతో నీళ్ళు ముంచింది. అలవాటు ప్రకారం ఒకసారి ఎండకు పట్టి చూసి, పిల్లకిచ్చింది.